రాని ఊరి లెక్క

మట్టిలో పెన్ను గిర్రున తిరిగింది.

రాళ్లగూడెం ఆడవాళ్లు చుట్టూ మూగి, అది ఎటు ఆగుతుందా అని చూస్తున్నారు.

పెన్ను మొన వాగు వైపు ఆగింది.

"ఈ వరుసలో ఇళ్లల్లోనే తీస్తా," అంటూ లేచాడు సూది సారు.

భుజాన సంచి, అరిగిన చెప్పులు. పేరు చెప్పాడు గాని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మలేరియా ఎక్కడెంత ఉందో చూసేందుకు రక్తం తీస్తున్నాడని మాత్రం తెలుసు.

"జ్వరమొచ్చినోళ్లను ఇడిసిపెట్టి, పెన్ను చూపినోళ్లను పొడుస్తడంట!" ఎవరో కిసుక్కుమన్నారు.

"జ్వరమొచ్చినోళ్లనే పొడిస్తే అడివంతా జ్వరమే అనిపిస్తది గదమ్మా. బాగున్నోళ్లు గూడ లెక్కల పడాలె," అన్నాడు సారు.

అప్పుడే వాగు దాటి వచ్చాడు బొజ్జయ్య. అవతలి ఒడ్డున ఉన్న వెదురుగుంపు అనే చిన్న పల్లెకు పెద్దమనిషి.

"సారూ, మా గుంపుకు రా. ఇంటింటికీ ఒకరు మూలుగుతుండ్రు. దోమతెరలు ఇస్తరంట గద! వానలు పడితే వాగు దాటలేం. గంతకు ముందే గావాలె."

"ఊళ్లకు చీటీలు తీసినం పెద్దయ్యా. మీ ఊరు రాలే."

"చీటీల రాకుంటే జ్వరం పోతదా?"

"పోదు. కాకపోతే అన్ని ఊళ్లోళ్లూ మా ఊళ్లనే జ్వరమంటరు. అందుకే చీటీ. పోని ఊళ్లకు గూడ లెక్క కడతం."

"పోకుండనే కడతవా? సోది చెప్పేటామె గూడ చెయ్యి పట్టుకొని చెప్తది. నువ్వు చెయ్యి గూడ పట్టవైతివి!"

అందరూ గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు.

బొజ్జయ్య నవ్వలేదు.

అతని చెల్లెలు జంపక్కది ఈ ఊరే. పక్కకు పిలిచి గుసగుసలాడింది.

"అన్నా, ఆ వరుసల ఆఖరు ఇల్లు నాదే. జల్దీ పోయి పిల్లను తీసుకరా."

సారు జంపక్క ఇంటికి చేరేసరికి, చాప మీద బొజ్జయ్య మనవరాలు పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది.

సారు పిల్ల వేలు పొడిచాడు. గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"రాత్రిపూట ఈ పిల్ల ఏ ఇంట్ల పండుకుంటది?"

"మా అన్న మనవరాలు సారూ. నా ఇంటి పిల్ల గాకపోతే ఎవరింటి పిల్ల?"

"గది గాదక్కా. దోమ కుట్టింది ఏ ఇంట్ల?"

జంపక్క చూపు వాగు మీదికి పోయింది.

సారు దూది తీసి గాజుపలకను తుడిచేశాడు.

తలుపు చాటు నుంచి ఒక్క ఉదుటున వచ్చాడు బొజ్జయ్య.

"ఏంది సారూ! మా రక్తం రక్తం గాదా?"

సారు మాత్ర చిదిమి, బెల్లం నీళ్లలో కలిపి, పిల్ల తల ఎత్తిపట్టి తాగించాడు. మిగతా మాత్రలు జంపక్క చేతిలో పెట్టి సంచి తగిలించుకున్నాడు.

"నీ చేతులు పడిపోను! నువ్వు మనిషివేనా?"

సారు మలుపు తిరిగేదాకా బొజ్జయ్య తిడుతూనే ఉన్నాడు.

కొన్ని వారాలు గడిచాయి, తొలకరి ఇంకా పడలేదు. దోమతెరల మూటలతో ఓ ట్రాక్టరు వచ్చింది.

రాళ్లగూడెంలో ఆగలేదు. వాగులో దిగి, ఇసుకలో మూలుగుతూ ఒడ్డెక్కి, వెదురుగుంపులో ఆగింది.

బొజ్జయ్య బిత్తరపోయాడు. తెరలతో వచ్చిన డాక్టరమ్మ ఇంటింటా రక్తం తీయడం అయ్యేదాకా ఆగి అడిగాడు.

"డాక్టరమ్మా, మా ఊరికి ఒక్కడు గూడ రాలే. మా సంగతి మీకెవరు చెప్పిండ్రు?"

డాక్టర్ ప్రమీల నులకమంచం మీద ఓ పెద్ద కాగితం పరిచింది. అడవి, వాగులు, గుట్టలు. లేత పసుపు నుంచి మోదుగుపూల ఎరుపు దాకా రంగులు.

"ఈ చుక్కలు రక్తం తీసిన ఊళ్లు. మిగతాదంతా లెక్క. ఆ ఊళ్లల్లో జ్వరమెంత, వాగెంత దూరం, అడవెంత చిక్కన, నేలెంత పల్లం... అన్నీ కలిపి కడితే, నడుమ చూడని ఊరు కూడా బయటపడుతుంది. ఇదిగో, మీ గుంపు."

కాగితం మొత్తానికీ అంత ఎర్రటి చోటు ఇంకోటి లేదు.

"పొద్దున్నుంచీ రక్తం చూస్తున్నాం. కాగితం చెప్పినట్టే ఉంది తాతా."

బొజ్జయ్య వేల్పు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. గడప తొక్కకుండానే తన గుంపు జ్వరాన్ని చూసిన మనిషి ఎవరో అతనికి అంతుపట్టలేదు.

"మరి నా మనవరాలి రక్తం తుడిచేసిండు గదమ్మా ఒక సారు?"

"చెప్పాడు నాతో. ఆ చుక్క రాళ్లగూడెం లెక్కలో పడితే ఎరుపు అటు జరిగేది. ఈ తెరలు వాగు అవతలే దిగేవి."

బొజ్జయ్య కాగితం మీదికి వంగాడు.

"ఇది గీసింది... గా సారేనా?"

"ఆయనే. హరిలాల్ సార్."

"తోలుకరాకపోతివి తల్లీ! కాళ్లు మొక్కుదును."

ప్రమీల కాగితం మడిచింది.

"ఈ విడత తెరలు బాగా ఎర్రగా ఉన్న ఊళ్లకే సరిపోయాయి తాతా. ఏన్కూరు వైపు తండాలు కొంచెం లేత రంగులో వచ్చాయి. వాటిని రెండో విడతకు రాశాడు."

"రాస్తే?"

"అందులో ఆయన తండా కూడా ఉంది; ఇవాళ అక్కడ వాళ్లమ్మకు దినం చేస్తున్నాడు, జ్వరంతోనే పోయింది."