ఎనిమిదింటి బస్సు

ఈ కథలో ఒక్క అబద్ధం లేదు. అబద్ధాలాడటంలో పాన్‌గల్ మండలం మొత్తానికి పేరు మోసిన నోరు చెబుతున్న మాట ఇది. కాబట్టి నమ్మవచ్చు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకే తిమ్మప్ప భార్యను చెయ్యి పట్టి నడిపించుకుంటూ బస్సు స్టేజీకి వచ్చాడు. స్టేజీ అనగానే ఏదో ఊహించుకోకండి. రెండు సిమెంటు దిమ్మెలు, అంతే. నీడ కావాలంటే ఒకరి నీడలో ఒకరు నిలబడాలి.

భార్య పార్వతమ్మకు రెండు కిడ్నీలూ పని మానేసి ఏడాది దాటింది. మంగళవారం, శుక్రవారం వనపర్తి దవాఖానలో మిషను రక్తం కడగాలి. అలా కడిగితేనే ఆమెకు మరో మూడు నాలుగు రోజులు. మొన్న మంగళవారం బస్సు కిక్కిరిసి వచ్చి, ఆగకుండానే పోయింది.

ఆ సాయంత్రం నర్సు శ్రీవాణి ఫోన్ చేసింది.

"తిమ్మప్పా, శుక్రవారం గూడ తప్పిందనుకో, ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండుతయి. ఇగ మా చేతులల్ల ఏముండదు. పదకొండు దాక మీ బెడ్డు ఎవ్వలకియ్య. ఎట్లన్న జేసి రాండ్రి."

ఊళ్లో ఒక ఆటో ఉండేది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక గిరాకీ లేక డ్రైవరు నరేందర్ దాన్ని అమ్మేసి హైదరాబాద్‌కు పనికి పోయాడు. బైకు మీద కూర్చోబెడితే పోయిన నెల ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. ఇక ఎనిమిదింటి బస్సే దిక్కు.

పార్వతమ్మ దిమ్మె మీద కూలబడింది. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. వాటిని సంచిలో వేసుకుని వచ్చింది. అయినా నోరు మాత్రం ఊరుకోదు.

"రోగం నాది, టికెట్ నీది," అంది. "నాకేమో ఫ్రీ. రాయోలె ఉన్నోనివి నువ్వు పైసలు వెట్టాలె. గిసొంటి ఇచ్చంత్రం యాడన్న జూసినవా?"

"నువ్వు పడిపోతే లేపనీకె నేనుండొద్దా?"

"ఆ బస్సుల పడనీకె జాగ యాడున్నదయ్యా? నలుగురి నడుమ ఇరికిస్తే సచ్చినా నిలవడే ఉంట."

తిమ్మప్ప నవ్వాడు. నవ్వుతూనే రోడ్డు వైపు చూశాడు.

ఎనిమిది దాటింది. ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది.

"జర నీళ్లియ్యి."

"దినానికి రెండు గ్లాసులే అన్నరు గదా. ఒకటి పొద్దుగాల్నే తాగితివి."

"ఒక్క గుక్క."

"మిషనెక్కినంక ఇస్త. ఒట్టు."

ఆమె ముఖం తిప్పుకుంది. బాటిల్ కనబడకుండా తిమ్మప్ప దాన్ని వెనక్కి దాచాడు.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నర అయింది. తిమ్మప్ప మలుపు దాకా మూడుసార్లు పోయి వచ్చాడు. మూడోసారి వచ్చేసరికి పార్వతమ్మ మాటలు మానేసింది. నోటితో గాలి పీలుస్తోంది.

అప్పుడు వచ్చింది బస్సు. ఒక పక్కకు ఒరిగి, మెట్ల మీద మనుషులు వేలాడుతూ, దుమ్ము లేపుకుంటూ వచ్చింది. తిమ్మప్ప పరుగెత్తి భుజం మీది తువ్వాలను కిటికీలోంచి ఒక సీటు మీదికి విసిరాడు. మా వైపు రిజర్వేషన్ అంటే అదే. తువ్వాల ఎవరిదో సీటు వారిది. కాదంటే తలలు పగులుతాయి.

భార్యను ఎత్తుకున్నంత పని చేసి లోపలికి తెచ్చేసరికి, ఆ తువ్వాల మీదే ఒకామె దర్జాగా కూర్చుని ఉంది. ఒళ్లో మిరపకాయల గంప. వనపర్తిలో కూరగాయలమ్మే భీమమ్మ.

"ఏమమ్మా, తువ్వాల కనవడలేదా?"

"కనవడ్డది. మెత్తగనే ఉన్నది."

చుట్టుపక్కల వాళ్లు ఘొల్లుమన్నారు.

"నా పెండ్లాంకు డయాలసిస్ చెయ్యాలె. నిలవడలేదు."

భీమమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. గంపతో సహా లేచింది. "గా మాట ముందుగాల చెప్పొద్దా అన్నా? రా చెల్లె, కిటికి దిక్కు కూసో." గంపను కాళ్ల దగ్గర పెట్టి, ఒరిగిపోతున్న పార్వతమ్మ తలను తన నడుముకు ఆనించుకుని నిలబడింది.

కండక్టరు టికెట్ కొట్టి ఇచ్చాడు. తిమ్మప్ప దాన్ని దూరంగా పట్టి చదివాడు.

"ఇదేంది సారూ, పోయినసారికంటె ఎక్కువున్నది?"

"ఛార్జీ పెరిగింది పెద్దాయనా."

"టయానికొచ్చేటివి ఛార్జీలొక్కటే. బస్సు రాకపాయె."

"నన్నేం జెయ్యమంటవు? నేను గూడ డ్యూటీకి గిట్లనే ఎదురుసూసి వస్త," అన్నాడు కండక్టరు.

పదకొండుకు ఇంకా పది నిమిషాలుండగా దవాఖాన చేరారు. శ్రీవాణి తెల్లటి దుప్పటి పరిచి, గడియారం చూస్తూ బెడ్డు పక్కనే నిలబడి ఉంది. "వచ్చిండ్రా తల్లీ!" అని గబగబా గొట్టాలు తగిలించింది. మిషను తిరిగింది. కాసేపటికి పార్వతమ్మ ఊపిరి నిమ్మళించింది.

తిమ్మప్ప ఒట్టు నిలబెట్టుకున్నాడు. గ్లాసు నోటికి అందించాడు. ఆమె కళ్లు మూసుకుని చివరి చుక్క దాకా తాగింది.

"సల్లగున్నయి," అంది. "పొయ్యేటప్పుడు గూడ కిటికి సీటే పట్టు. గాలి మంచిగొచ్చింది."

దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ ఇంటికి చేరారు.

ఒక్క అబద్ధం లేదన్నది ఉత్త గొప్పే లెండి, ఒకటుంది. భీమమ్మ నిజం, కండక్టరు నిజం, పదకొండు దాకా శ్రీవాణి ఆపి ఉంచిన బెడ్డు నిజం. ఆ శుక్రవారం బస్సే రాలేదు.