తొమ్మిది ఎక్కువ

"పియానో శ్రుతి చేసే ఆయన ఎవరండీ?"

చెవుల ఆసుపత్రి గుమస్తా కేక వేయడం అది మూడోసారి. పెద్దాయన తల తిప్పలేదు. ఎదురుగోడకు వేలాడుతున్న చెవి బొమ్మ వంకే చూస్తూ కూర్చున్నాడు. కూతురే భుజం తట్టి లేపింది.

"పాపం, బొత్తిగా పోయినట్టున్నాయి," అన్నాడు గుమస్తా, ఎలాగూ వినపడదు కదా అన్న ధైర్యంతో.

సంగీతశాలలో ముప్ఫై నాలుగేళ్లుగా ఆయనది ఒకటే పని. ఏడు పియానోలు, ఒక్కోదానికి రెండువందల పైచిలుకు తీగలు. సర్వీసు ఇంకా రెండేళ్లుంది. ఈమధ్య పిలిస్తే పలకడం లేదని కొత్త మేనేజరు చెవుల డాక్టరు కాగితం తెమ్మన్నాడు. ఆ ఉద్యోగం ఇంట్లోనే ఉంటుందో, గడప దాటిపోతుందో ఆ కాగితమే తేలుస్తుంది.

కూతురి ఒళ్లో ఆయన పనిముట్ల సంచి ఉంది. చిన్నప్పటినుంచీ ఆయన వెంట తిరిగి పని నేర్చింది. తీగలు బిగించి బిగించి ఇద్దరి కుడి అరచేతుల్లోనూ ఒకేచోట కాయలు కాశాయి. అయినా బయట ఎవరూ ఆమెను నమ్మి పియానో మూత తీయనివ్వరు.

"గుర్తుందిగా నాన్నా? లోపల నోరు మెదపకు."

"ఎన్నిసార్లు చెప్తావే!"

"నీ సంగతి నాకు తెలుసు కాబట్టే."

అద్దాల గదిలో కూర్చోబెట్టి, పరీక్ష చేసే అమ్మాయి ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. చేతికి మీట ఇచ్చింది.

"చప్పుడు వినపడగానే నొక్కండి తాతగారూ! రెండువందల యాభై హెర్ట్జ్‌తో మొదలుపెట్టి ఎనిమిది వేల దాకా వెళ్తాను!" అని గొంతు చించుకుని అరిచింది. బయటికొచ్చి తలుపు మూసి, మిషను మీద చప్పుడు పెంచే నాబ్ తిప్పింది.

పెద్దాయన బొటనవేలు కదల్లేదు. ఇంకా తిప్పింది. కదల్లేదు. అమ్మాయి కాగితం మీద సున్నా వేసింది. ఐదువందలు పెట్టింది. ఇంకో సున్నా.

కూతురు అద్దంలోంచి చూస్తోంది. సంచి పట్టీ ఆమె గుప్పిట్లో నలిగిపోతోంది. తండ్రి దవడ బిగుసుకుంది. ఆ దవడ సంగతి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తను తీగ ఒక్క పిసరు ఎక్కువ బిగించినా అది అలాగే బిగుసుకునేది.

'వద్దు నాన్నా... వద్దు,' అనుకుంది.

వెయ్యి.

పెద్దాయన హెడ్‌ఫోన్లు పీకి, తలుపు తోసుకుని వచ్చాడు.

"ఎవరమ్మా దీన్ని వెయ్యి అన్నది?"

అమ్మాయి నోరు తెరిచింది. ఆ గొంతుకు పక్కగదిలోంచి డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"నాన్నా, ఊరుకో!" కూతురు చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు.

"రెండువందల యాభై, ఐదువందలు, వెయ్యి. రెట్టింపు చేసుకుంటూ పోతే స్వరం మారదండీ, స్థాయి పెరుగుతుంది, అంతే. ఒకే తప్పును మెట్టు మెట్టుకూ నిలబెట్టి నా చెవిలో ఊదుతారా?"

"పోయినేడు కొన్న మిషనండీ. మీటరు చూడండి, ఐదువందలంటే ఐదువందలే," అన్నాడు డాక్టరు నవ్వుతూ.

"మీటరుకేం, మీరేది రాస్తే అదే చూపిస్తుంది. మీ సొరుగులో ఐదువందల పన్నెండు శ్రుతిదండం ఉంటుంది. తియ్యండి."

ఉంది. పెద్దాయన దాన్ని మోకాలికి కొట్టి, కాడ బల్లకు ఆనించాడు. పక్కనే హెడ్‌ఫోన్లు పెట్టి మిషన్ను ఐదువందల మీద పెట్టమన్నాడు. రెండు నాదాలూ కలిసి ఊగాయి. వా... వా... వా...

"లెక్కపెట్టండి."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. పది సెకన్లకు ముప్ఫై ఊపులు.

"నిజంగా ఐదువందలే అయితే పన్నెండు తేడా. సెకనుకు పన్నెండుసార్లు ఊగాలి, లెక్కకే అందదు. మూడే ఊగింది. అంటే మీది ఐదువందల తొమ్మిది."

"ఐదువందల పదిహేను ఎందుకు కాకూడదు?"

"దండం కంటే కింద ఉంది కనక! ఆపాటి తేడా వినపడకపోతే ఇంక ఈ చెవులెందుకండీ?"

కూతురు కళ్లు మూసుకుంది.

"తొమ్మిది ఎక్కువైతే కొంపలేం మునుగుతాయండీ?" అన్నాడు డాక్టరు.

"జ్వరం చూసే థర్మామీటరు తొమ్మిది ఎక్కువ చూపిస్తే ఏం మునుగుతుందో అదే!"

డాక్టరు నవ్వు ఆగిపోయింది. సున్నాల కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "మరి ఇందాకటినుంచీ మీట ఎందుకు నొక్కలేదు?"

పెద్దాయన కూతురి వైపు ఒక్కసారి చూశాడు. గడ్డం పైకెత్తాడు.

"తప్పు స్వరానికి నేను వేలు కదపను."

డాక్టరు పరపరా ఆ కాగితం చింపేశాడు. కొత్తది తీసుకుని, ఇలాంటి చెవులు నా సర్వీసులో చూడలేదనీ, ఇంకో పాతికేళ్లు నిక్షేపంగా పనిచేస్తాయనీ రాసి, ముద్ర కొట్టి, లేచి నిలబడి మరీ ఇచ్చాడు.

పెద్దాయన ఆ కాగితం పట్టుకుని వరండా అంతా రొమ్ము విరుచుకునే నడిచాడు. మెట్ల దగ్గరికొచ్చేసరికి నడక నెమ్మదించింది. కాగితం మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"ఏం చెయ్యనే... తొమ్మిది ఎక్కువుంది మరి," అన్నాడు మెల్లగా.

"నీకు చెవుడని రాయించుకెళ్తేనే కదా నాన్నా, నీ ఉద్యోగం నాకిస్తామన్నారు!"