చచ్చిన బ్యాటరీకి దండ

భూమేష్ రాగితీగ తీసి, మేనకోడలు స్నేహలత తెచ్చిన బ్యాటరీ రెండు కొసలకూ తాకించాడు. నిప్పురవ్వ రాలేదు. బోధన్‌లోని ఆయన బ్యాటరీల దుకాణంలో అదే పరీక్ష, అదే తీర్పు.

"సచ్చింది. గింత సదువు సదివి పీనుగను తెచ్చినవా?"

"సోడియం బ్యాటరీ మామా, ఖాళీగనే తెస్తరు. లోపల చెరుకు పిప్పి కాల్చి తీసిన పొరలున్నయ్, అణువంత పల్చగ. సోడియం బొద్దుగుంటది గద, గా పొరల సందుల్ల కూసుంటది."

"ఉల్లిగడ్డ పొట్టు నయం గదనే!"

బ్యాటరీ కొనడానికి వర్ని నుంచి వచ్చిన రైతు పకపకా నవ్వాడు. భూమేష్‌కు ఊపొచ్చింది.

"సచ్చినోళ్లకు దండెయ్యాలె," అంటూ తీగను రెండు కొసలకూ బిగించి, మూలనున్న పాత బ్యాటరీల కుప్ప మీదికి విసిరాడు.

చాయ్‌లు తాగడం అయ్యాక స్నేహలత దాన్ని ఏరుకొచ్చి, తీగ విప్పి, కాసేపు చార్జింగ్ పెట్టింది. తర్వాత కౌంటర్ మీది చిన్న ఫ్యాను తగిలించింది. ఫ్యాను గిర్రున తిరిగి భూమేష్ జుట్టు చెదరగొట్టింది.

"నీ షాపుల అన్నిటికన్న మంచిదేది మామా?"

ఆయన అద్దాల అరలోని కొత్త బ్యాటరీని చూపించాడు.

స్నేహలత తీగను ఆయన చేతిలో పెట్టింది. "దాన్ని ఖాళీ జేసి గీ దండెయ్యి. మల్ల లేస్తదేమో సూద్దాం."

రైతు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. భూమేష్ చూపు మూలకు పోయింది. ఖాళీగా వదిలేస్తే మళ్లీ లేవని బ్యాటరీలే ఆ కుప్ప నిండా. అన్నీ తను అమ్మినవే.

ఆయన దండను జేబులో వేసుకున్నాడు.