మెరుపూ మరపూ

"ఎవ్వళవు?"

ఎంతయింది అని నెట్టుకు అవతలి నుంచి పెరుమాళ్సామి తమిళంలో అడిగాడు. వరసగా రెండు డబుల్ ఫాల్టులు చేసి, మూడో సెట్టులో అసలైన గేమును అప్పుడే కొడుకు చేతిలో పెట్టాడు. విరుదునగర్ క్లబ్బు టెన్నిసు ఫైనలు చూడవచ్చిన జనమంతా "అయ్యయ్యో" అన్నారు. ఆయన మాత్రం పొలం నుంచి వచ్చి మజ్జిగ అడిగినంత తీరిగ్గా అడిగాడు.

"నాకు అయిదు, మీకు నాలుగు," అన్నాడు దామోదరసామి. అదీ తమిళంలోనే, పంతానికి.

కోవిల్పట్టి దగ్గర వాళ్ల ఇంట్లో తమిళం చెప్పులతో పాటు గడప బయటే ఆగిపోతుంది. లోపల అంతా తెలుగే. తాను నైనా అని పిలిచే తండ్రి ఇరవై రెండేళ్లలో తనతో తమిళం మాట్లాడటం ఇదే మొదలు. మద్రాసులో లా చదువుతూ, ముందరి రౌండ్లు అక్కడే గెలిచిన కొడుకు ఏడాది తర్వాత, మధ్యాహ్నం రైలు దిగి నేరుగా కోర్టుకొస్తే, "వాంగ తంబీ" అని, తమ్ముడూ రండంటూ ఎవరో పరాయివాణ్ని పిలిచినట్టు పలకరించాడు. నెట్టు కట్టాక కన్నకొడుకైనా పోటీదారే కాబోలు. నెట్టుకు అవతలికి నెట్టేశాడు! ఈ ఆటలో సున్నను లవ్ అంటారు. ఆ లెక్కన తన మీద నైనాకున్న లవ్వెంతో దామోదరసామికి తెలిసిపోయింది.

మూడేళ్లుగా ఫైనలుకు రావడం, ఆయన చేతిలో ఓడటం. ఓడినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "మెరుపు ఉండాదిరా నీ ఆటలో. మరపే లేదు. పోయిన బంతిని మోసుకొని తిరిగేవాడు మంచి ఆటగాడుగానే ఉండిపోతాడు." అంతే. బాగా ఆడావన్న ముక్క ఆ నోట ఎన్నడూ రాలేదు. దామోదరసామికి కావలసింది ఆ ముక్క. అది దొరకదు గనక, కనీసం కప్పుతో ఆ లోటు కప్పుకుందామని చూస్తున్నాడు.

ఆటగాళ్లు కోర్టులో వైపులు మారే వేళయింది. పెరుమాళ్సామి కోర్టు మధ్యలో నిలబడిపోయాడు. ఎన్నడూ ఆటవైపు తొంగిచూడని అమ్మ అళగమ్మాళ్, ఈసారి కంచె పక్కనే గొడుగేసుకుని కూర్చుంది.

"అట్ల పోండి, చింతచెట్టు పక్కకు," అని చెయ్యి చూపించింది. ఆయన అటు నడిచాడు.

"పసిబిడ్డకు మాదిరి దారి చూపిస్తా ఉండావే!" అన్నాడు కొడుకు, కంచె దగ్గరికొచ్చి.

"దామోదరా, ఆట అయినాక నీకొక మాట చెప్పాలరా."

"ఏమి, ఈ తూరీ ఆయనకే వదిలిపెట్టమనా?"

"అది కాదురా. కడదాకా ఆడనీ ఆయన్ని."

"కడదాకా ఆడితేనే గదమ్మా నేను గెలిచేది!"

నీళ్లకుండ దగ్గర తండ్రీకొడుకులు ఎదురుపడ్డారు. దామోదరసామి ఉండబట్టలేక తమిళంలోనే అడిగేశాడు.

"రెండు ఫాల్టులు చేశారు. ఒళ్లు మండదా మీకు?"

"ఏ ఫాల్టులు?" పెరుమాళ్సామి నిజంగా ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "నాకు ఒక్క బంతే కనబడుతుంది తంబీ. ఇప్పుడొచ్చేది. దాని వెనకాల ఏమీ లేదు."

పాఠాన్ని ఇంత నున్నగా తమిళంలోకి దించేశాడే ముసలాయన!

సర్వీసు దామోదరసామిది. నాలుగు మెరుపులు చాలు అనుకున్నాడు. మూడు మెరుపులు, ఒక పొరపాటుతో నలభై–పదిహేను అయింది. ఇంకొక్క పాయింటు చాలు. నైనా ఎత్తుగా లేపిన బంతిని బలమంతా పెట్టి కొట్టాడు. సున్నపు గీతకు బెత్తెడు అవతల పడింది. సున్నానికి అవతల పడితే సున్నే. ‘ఇంకాస్త నెమ్మదిగా కొట్టి ఉంటే’ అనుకుంటూ సర్వీసు చేశాడు. ఫాల్టు. ‘అయ్యో, ఆ బంతి’ అనుకుంటూ మళ్లీ చేశాడు. అదీ ఫాల్టు. ఆ బెత్తెడు దూరం ఆ తర్వాత ప్రతి బంతికీ అతని వెంటే పరిగెత్తింది. నైనా వెంట ఏదీ పరిగెత్తలేదు. జారిపడ్డాడు, లేచాడు, ఎంతయిందని అడిగాడు, ఆడాడు. అయిదు–అయిదు. ఆరు–అయిదు. చివరికి ఏడు–అయిదు.

అంపైరు ఆట ముగిసిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పెరుమాళ్సామి మాత్రం ఇంకా గీత దగ్గరే, రాకెట్టు పట్టుకుని వంగి, తర్వాతి బంతి కోసం చూస్తున్నాడు.

"అయిపోయిందండీ," అంది అళగమ్మాళ్ కంచె దగ్గర నుంచి. "మీరే గెలిచినారు."

దామోదరసామికి ఆ క్షణాన అంతా అర్థమైంది. ఓడిన పాయింటును మరచిపోయేవాడు మంచి ఆటగాడు. గెలిచిన ఆటను కూడా మరచిపోయేవాడు ఛాంపియను. ఇంతటివాడి మీద ఇంక పంతమేమిటి? గబగబా నెట్టు దగ్గరికి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తమిళం నోటికి రాలేదు.

"ఓడితే ఓడినాను. ఒక్క తూరైనా బాగా ఆడినానని చెప్పగూడదా?"

పెరుమాళ్సామి ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"అట్లనా! నువ్వు మన తెలుగు బిడ్డవా? ముందే చెప్పకపోతివే!" అని అతని భుజం తట్టాడు. "బలే ఆడినావబ్బీ. ఇంత బాగా నామీద ఎవురూ ఆడలా. ఇట్లాంటి బిడ్డను కన్నోడు పుణ్యం చేసుకున్నోడు. మీ నైనా ఎవురబ్బీ?"