మంచు చూడని పండితుడు

"బ్లాక్ ఐస్ అంటే ఏం రాశావు తల్లీ?"

టైపిస్టు తలెత్తింది. బల్ల ముందు ఒక ముసలాయన. చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీ, ఎడమ కనుబొమ మధ్యలో పాత గాటు. కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి రావడం లేదు.

"నల్లని మంచు."

"అది నల్లగా ఉండదమ్మా."

"మరి బ్లాక్ అంటే తెలుపా తాతా?"

ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అది లారీల ఆఫీసు. చలికాలంలో కూడా లారీలు ఎత్తైన కనుమ దాటి వెళ్లాలి. పైన వాతావరణం ఎలా ఉందో కంట్రోల్ రూమ్ వాళ్లు వైర్‌లెస్‌లో ఇంగ్లీషులోనే చెబుతారు. ఆ మాటలు డ్రైవర్లకు అర్థం కావాలని ముప్పై ఏళ్ల కిందట ఎవరో ఒక చిన్న పుస్తకం రాశారు. ఆఫీసులో మిగిలింది ఒక్క ప్రతి. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది, రాసినాయన పేరు కూడా అట్టతోనే పోయింది. దాన్ని మళ్లీ టైపు చేసి అచ్చుకి పంపే పని ఈ అమ్మాయి నెత్తిన పడింది. సోమవారం ఆమె తమ్ముడు మొదటిసారి కనుమ ఎక్కబోతున్నాడు. అందుకే ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేస్తోంది.

"ఇది రాసినాయన మహాపండితుడు తాతా. ఫ్రాస్ట్ అంటే తుషారమట, వైటవుట్ అంటే ధవళావరణమట. ఎంత చక్కగా రాశారో!"

"పండితుడే," అన్నాడు ముసలాయన. "మంచు చూడలేదు."

ఆమెకు ఒళ్లు మండింది.

"నువ్వు చూశావా?"

"కనుమ మీద మంచు తోసే కూలీని."

"అయితే నువ్వు మంచు తొయ్యి. అర్థాలు ఆయన చెబుతాడు."

ఆయన చిన్నబుచ్చుకోలేదు. మర్నాడు మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఫ్రాస్ట్ అంటే, తెల్లారేసరికి అద్దం మీద ఉప్పు చల్లినట్టుంటుంది తల్లీ. గోరుతో గీకితే వస్తుంది."

"స్లీట్ అంటే వానా కాదు, మంచూ కాదు. వైపర్‌ని పట్టుకుని వదలదు."

"విండ్ చిల్ అంటే మీటరు చెప్పే చలి కాదు, చెవులు చెప్పే చలి."

వినడానికి బాగానే ఉన్నాయి. కానీ పండితుడి పుస్తకంలో కూలీ మాటలు ఎక్కిస్తే మేనేజరు ఊరుకుంటాడా?

గురువారం పుస్తకం అచ్చుకి వెళ్లాలి. ఆ రోజు ముసలాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప ఏమీ లేవు.

"మిగతావన్నీ నీ ఇష్టం. ఆ ఒక్కటీ మార్చు."

"ఏదీ, రాసివ్వు చూద్దాం."

"నేను రాయలేను తల్లీ. నువ్వే రాసుకో."

చదువు రాదన్నమాట, అనుకుంది. పోనీలే పాపం అని పెన్సిలు తీసింది.

ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. "రోడ్డు తడిసినట్టుంటుంది. టైర్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అదే బ్లాక్ ఐస్. బ్రేకు తొక్కకు. కాలు తీసెయ్. స్టీరింగు కదపకు."

పుస్తకం మాత్రం మారకుండానే అచ్చయింది.

కానీ ఆదివారం తమ్ముడి సంచి సర్దుతుంటే ఆమె మనసు ఎందుకో పీకింది. వాడి ప్రతిలో 'నల్లని మంచు' కొట్టేసి, పక్కన ముసలాయన మాటలు రాసింది. అందరికీ పండితుడి అర్థం, తమ్ముడికి మాత్రం కూలీ అర్థం.

బుధవారం తమ్ముడు తిరిగొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, మూడో మలుపు దగ్గర వైర్‌లెస్‌లో బ్లాక్ ఐస్ అన్నారు. చూస్తే రోడ్డు తడిగా ఉందంతే. ఇంతలో టైర్ల చప్పుడు ఆగిపోయింది. నువ్వు రాసింది గుర్తొచ్చి కాలు తీసేశా. బండి కాస్త జారి, దానంతటదే దారిలో పడింది."

"నీ వెనకాల ఇంకేదైనా బండి వచ్చిందా?"

తమ్ముడు తల దించుకున్నాడు.

"వచ్చింది. ఆ డ్రైవరు నల్లగా ఏదైనా కనిపిస్తుందేమోనని చూస్తూ వచ్చాడట. బ్రేకు తొక్కాడు, లారీ పక్కకు పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది."

ఆమెకు తల కొట్టేసినంత పనయింది. ఆ మధ్యాహ్నమే ఒక లారీ ఎక్కి, మంచు తోసే కూలీల షెడ్డుకి వెళ్లింది.

"ఎవరు, మంచు తాతా?" అన్నాడు మేస్త్రీ. "మొన్న పోయాడమ్మా. పార పట్టుకునే పోయాడు."

ఆమె గోడకు ఆనించిన పారల వైపు చూసింది.

"విచిత్రమైన మనిషిలే. ఇరవై ఎనిమిదేళ్లు ఇక్కడే ఉన్నాడు. మంచుగాలి లేస్తే మేం లోపలికి పరుగెత్తేవాళ్లం, ఆయన బయటికి పరుగెత్తేవాడు. చేతులు చాచి నిలబడి చూసేవాడు. వేళ్లు అలాగే పోయాయి. చూసొచ్చి రాసుకునేవాడు."

"రాసుకునేవాడా? ఆయనకి రాయడం వచ్చా?"

"వేళ్లు పోయాక ఎడమచేత్తో నేర్చుకున్నాడు. ఈ మధ్య ఆ చెయ్యీ వణికేది."

మేస్త్రీ ఒక రేకుపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో రెండు చొక్కాలు, వాటి కింద అదే చిన్న పుస్తకం.

ప్రతి పేజీలో అచ్చయిన అర్థం కొట్టేసి ఉంది. పక్కన కొత్త అర్థం, తేదీ. దాన్నీ కొట్టేసి మరొకటి. ఫ్రాస్ట్ ఒక్కదానికే తొమ్మిది అర్థాలు, తొమ్మిది చలికాలాలు. మొదట్లో ముత్యాల్లాంటి అక్షరాలు, చివరికొచ్చేసరికి వంకరటింకర ఎడమచేతి గీతలు. ఇంత పని ఒక్క మనిషే చేశాడా!

బ్లాక్ ఐస్ దగ్గర ఎర్రసిరాతో ఒకే వాక్యం ఉంది. 'ఈ అర్థం నమ్మి ఒక డ్రైవరు పోయాడు.' కింద తేదీ చూసింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందటిది.

పుస్తకం మూసింది. ఈ ప్రతికి అట్ట ఊడలేదు. వెనకవైపు దాని మీదే రాసినాయన ఫొటో ఉంది.

కళ్లద్దాలు పెట్టుకుని, కుడిచేతి అయిదువేళ్లతో కలం పట్టుకుని కూర్చున్న ఆ పండితుడికి, ఎడమ కనుబొమ మధ్యలో ఒక గాటు ఉంది.