నాడి అందలేదు

మంచం మీద కునుకు తీస్తున్న నా మణికట్టు తమ్ముడు ఆర్విడ్ నొక్కి చూసి బావురుమన్నాడు.

నా గుండెకు అమర్చిన పంపు రక్తాన్ని ఆగకుండా ధారగా తోస్తుంది. అందుకే నాకు నాడి కొట్టుకోదు. ముప్పై ఏళ్లుగా డలూత్‌లో నా గడప తొక్కనివాడికి ఆ సంగతేం తెలుసు? కళ్లు తెరవకుండా ఊపిరి బిగబట్టాను.

"నాన్న చేపల పడవ తగలబెట్టింది నేనే అన్నయ్యా! నీ పేరు చెప్పి తప్పించుకున్నాను. నాలుగు తన్నులైనా తన్ను, లే!"

ఇలాంటి ఘట్టాలు పుస్తకాల్లో ఎన్నో చదివాను. ఏదీ ఇంత తీపిగా లేదు. ఇంకాస్త ఏడవనీ అనుకున్నాను.

"అన్నయ్యా, గుండెల్లో నొప్పి..." అంటూ నా మీదికి ఒరిగాడు.

చిన్నప్పటినుంచీ వాడిది నటనే. నేను కదల్లేదు.

ఏడుపు ఆగిపోయింది. కళ్లు తెరిచి వాడి మణికట్టు పట్టుకున్నాను. నాడి అందలేదు.

వాడికి పంపు లేదు.