కోయని పుటలు

భార్య ఎడిత్ కవితలను ఆంబ్రోస్ తన చేతులతోనే అచ్చువేశాడు. తన ప్రతిని మాత్రం మడతల దగ్గర అతుక్కుని ఉండి, కోస్తేగానీ చదవలేని పుటల అంచులు కోయకుండా బీరువాలో దాచుకున్నాడు. కోస్తే విలువ పోతుందట!

ఎడిత్‌ను పూడ్చిన సాయంత్రం మరదలు మేబెల్ అడిగింది.

"బావా, అక్క కవితల్లో నీకేది ఇష్టం?"

"కాగితం ఇటలీ నుంచి తెప్పించాను."

"కాగితం సంగతి ఎవరడిగారు?"

ఆంబ్రోస్ అచ్చు అక్షరాలు పేర్చాడు గానీ కవితలు చదవలేదు.

ఆ రాత్రి పుస్తకాల గదిలో కాగితం కోస్తున్న చప్పుడు, ఆగి ఆగి వినబడింది. దీపం పట్టుకుని వెళ్ళాడు. చప్పుడు ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. బీరువాకు తాళం వేసే ఉంది.

తాళం తీసి పుస్తకం తెరిచాడు. పుటలన్నీ కోసి ఉన్నాయి, చివరి కవిత తప్ప. దాని మీద ఎడిత్ కాగితాలు కోసుకునే చాకు. పిడి అతని వైపు తిప్పి ఉంది.